మూసిన గేటు ముందు ఆగని లారీ: తప్పు ఎక్కడ మొదలవుతుంది?

2015 ఆగస్టు 24 తెల్లవారుజామున పెనుకొండ దగ్గర రైల్వే గేటు వేసే ఉంది. బెంగళూరు–నాందేడ్ ఎక్స్‌ప్రెస్ గేటు దాటుతోంది. గ్రానైట్ లోడుతో వస్తున్న లారీ ఆ గేటును విరగ్గొట్టుకుని వెళ్ళి బోగీలను గుద్దింది. కర్ణాటకలోని దేవదుర్గ ఎమ్మెల్యే సహా నిద్రలో ఉన్న ప్రయాణికులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. గేటుమ్యాన్ చేయాల్సింది చేశాడు. లోకో పైలట్ చేయగలిగింది ఏమీ లేదు, ఇంజను అప్పటికే గేటు దాటిపోయింది.

ఇలాంటి వార్త వచ్చిన ప్రతిసారీ రెండు మాటలు వినిపిస్తాయి. ఒకటి, బ్రేకులు ఫెయిలయ్యాయని. రెండోది, డ్రైవరు నిర్లక్ష్యమని. పెనుకొండ అప్పుడూ రెండూ వినిపించాయి. మొదటి మాట డ్రైవరును పూర్తిగా వదిలేస్తుంది. రెండో మాట డ్రైవరును తప్ప మిగతా అందరినీ వదిలేస్తుంది. నా అభిప్రాయంలో ఈ రెండూ విచారణను సగంలో ఆపేసే మాటలే. గేటు ముందు లారీ ఆగలేదంటే, దాన్ని ఆపే అవకాశం కొన్ని కిలోమీటర్ల ముందే, ఒక్కోసారి లోడింగ్ దగ్గరే చేజారిపోయి ఉంటుంది. ఆ దారి పొడుగునా ఎవరెవరి చేయి ఉందో చూడకుండా బాధ్యత తేల్చడం కుదరదు. అలా చూసినా డ్రైవరు వంతు ఏమీ తగ్గదు, ఆ సంగతి కిందకు వెళ్ళాక చెబుతాను.

బ్రేకు ఫెయిలవడం అంటే

పెద్ద లారీలన్నీ ఎయిర్ బ్రేకులతో నడుస్తాయి. ట్యాంకుల్లో గాలి సుమారు 7, 8 బార్ల ప్రెషర్‌లో ఉంటుంది. పెడల్ తొక్కితే ఆ గాలి చక్రం దగ్గరున్న చాంబర్‌లోకి వెళ్ళి రాడ్డును తోస్తుంది. రాడ్డు స్లాక్ అడ్జస్టర్ అనే మీటను తిప్పుతుంది, దాంతో క్యామ్ తిరుగుతుంది, లైనర్లు (బ్రేకు పట్టీలు) చక్రంతోపాటు తిరిగే డ్రమ్ముకు ఒత్తుకుంటాయి. గాలి లీకై ప్రెషర్ పడిపోతే ముందు బజర్ మోగుతుంది. ఇంకా పడితే వెనక చక్రాల చాంబర్లలో ఉన్న బలమైన స్ప్రింగు తనంతట తనే బ్రేకు వేసేస్తుంది, ఎందుకంటే ఆ స్ప్రింగును వెనక్కి పట్టి ఉంచేది ఆ గాలే. అంటే సరిగ్గా ఉన్న లారీలో గాలి పోతే బండి ఆగిపోవాలి గానీ పరుగెత్తకూడదు.

మరి ఎలా పరుగెత్తుతుంది? ఒక దారి, ఆ స్ప్రింగును ముందే కట్టేసి ఉంచడం. చాంబర్‌లోని రబ్బరు పొర (డయాఫ్రం) చిరిగి లీకవుతుంటే బ్రేకు పట్టేసి బండి కదలదు. మెకానిక్ వెనక నుంచి పొడుగాటి బోల్టు పెట్టి స్ప్రింగును ముడుచుకునేలా బిగించేస్తాడు. బండిని షెడ్డు దాకా తెచ్చుకోవడానికి ఉన్న ఏర్పాటు అది. ఆ బోల్టుతోనే లోడు ఎక్కించి నాలుగు ట్రిప్పులు వేస్తే, ఆ చక్రానికి హ్యాండ్ బ్రేకూ లేదు, గాలి పోయినప్పుడు ఆదుకునేదీ లేదు. చాంబర్ వెనక ఆ బోల్టు కొస బయటికి పొడుచుకుని కనిపిస్తుంది. వంగి చూస్తే పది సెకన్లలో తెలిసిపోతుంది.

రెండో దారి ఇంతకంటే ఎక్కువగా జరిగేది, వేడి. పొడుగైన డౌన్‌లో బ్రేకు మీద కాలు పెట్టుకునే దిగితే డ్రమ్ములు కాలిపోతాయి. వేడికి డ్రమ్ము వ్యాకోచించి లైనర్ల నుంచి దూరం జరుగుతుంది. రాడ్డు ఇంకాస్త ఎక్కువ దూరం తోయాల్సి వస్తుంది. స్లాక్ అడ్జస్టర్ సరిగ్గా బిగించి ఉంటే ఆ అదనపు దూరం సర్దుకుంటుంది. పాత లారీల్లో దాన్ని స్పానర్‌తో చేత్తో తిప్పి సరిచేసుకోవాలి, వారాల తరబడి ఎవరూ ముట్టుకోకపోతే చాంబర్ రాడ్డు చివరిదాకా వచ్చేసినా లైనరు డ్రమ్మును గట్టిగా పట్టదు. పైగా కాలిన లైనరుకు పట్టే గుణమే తగ్గిపోతుంది. పెడల్ పూర్తిగా తొక్కినా, ప్రెషర్ ముల్లు బాగానే ఉన్నా, బండి మాత్రం ఆగదు. బ్రేకులు ఫెయిలయ్యాయని డ్రైవరు చెప్పేది అబద్ధం కాదు. కాకపోతే అవి గేటు ముందు ఫెయిల్ కాలేదు, అంతకు ముందు కిలోమీటర్లలో కొంచెం కొంచెంగా చచ్చిపోయాయి. లైనరు కాలిన వాసన ఆ సంగతి ముందే చెబుతుంది.

డౌన్‌లో న్యూట్రల్ కొట్టి దించే అలవాటు దీన్ని ఇంకా చెడగొడుతుంది. డీజిల్ మిగులుతుందనే నమ్మకంతో చేసే పని ఇది. గేరులో ఉంచి యాక్సిలరేటర్ వదిలేస్తే ఇప్పటి ఇంజన్లు డీజిల్ పంపడం ఆపేస్తాయి. న్యూట్రల్‌లోనే ఇంజను ఆగిపోకుండా డీజిల్ తాగుతూ ఉంటుంది. మిగిలేది ఏమీ లేకపోగా ఇంజన్ పట్టు, ఎగ్జాస్ట్ బ్రేకు (పొగ దారిని మూసి ఇంజనుతోనే బండిని నెమ్మది చేసేది) రెండూ పోయి మొత్తం బరువు డ్రమ్ముల మీద పడుతుంది.

ఒక్క లెక్క చూడండి. గంటకు 40 కిలోమీటర్లు అంటే సెకనుకు 11 మీటర్లు. మంచి బ్రేకులున్న లారీ చదును రోడ్డు మీద బ్రేకు పడ్డాక 15, 16 మీటర్లలో ఆగుతుంది. బ్రేకులు వేడెక్కి పట్టు మూడో వంతుకు పడిపోయి, రోడ్డు నూటికి ఐదు చొప్పున దిగుడు ఉంటే అదే లారీకి 60 మీటర్లు పైగా కావాలి. గేటు ఎర్రలైటు చూసి కాలు పెడల్ మీదకు వచ్చేసరికి రెండు సెకన్లు పోతే దానికి ఇంకో 22 మీటర్లు కలపాలి. రాత్రిపూట మలుపు తిరగగానే గేటు కనిపించే చోట ఇంత దూరం దొరకదు. గేటు రాడ్డు కూడా లారీని ఆపడానికి పెట్టింది కాదు, అది దారి మూసి ఉందని చూపించడానికే.

లోడు ఎవరి మాట

మూడు మీటర్ల పొడుగు, 1.8 మీటర్ల వెడల్పు, మీటరున్నర ఎత్తున్న గ్రానైట్ బ్లాకు ఎనిమిది క్యూబిక్ మీటర్ల పైచిలుకు. క్యూబిక్ మీటరు గ్రానైట్ సుమారు 2.7 టన్నులు తూగుతుంది, చీమకుర్తి నల్లరాయి అయితే ఇంకా ఎక్కువ. అంటే ఆ ఒక్క బ్లాకే 22 టన్నుల దాకా ఉంటుంది. పది టైర్ల లారీకి 2018లో పెంచిన పరిమితి ప్రకారం కూడా బండి, లోడు అన్నీ కలిపి 28.5 టన్నులు దాటకూడదు. ఖాళీ లారీ బరువు తీసేస్తే మిగిలేది 18, 19 టన్నులు. ఒకే బ్లాకుతో పరిమితి దాటిపోయింది. పక్కన ఇంకో చిన్న బ్లాకు ఎక్కించారా, ఆ లారీ తన బ్రేకులు తట్టుకోలేని బరువును మోస్తోంది.

గ్రానైట్‌ను కొనేవాళ్ళూ అమ్మేవాళ్ళూ క్యూబిక్ మీటర్లలో మాట్లాడుకుంటారు. క్వారీలో టేపు పట్టి కొలుస్తారు, బ్లాకు మీద పెయింటుతో నంబరు వేస్తారు. ఆ కొలతకూ రోడ్డు మీద పడే బరువుకూ మధ్య కాటా ఉంటేనే ఎంత ఎక్కించారో తెలుస్తుంది. డ్రైవరు క్రేను కింద బండి పెడతాడు, బ్లాకు దింపుతారు, అటూ ఇటూ కట్టె మొద్దులు పెట్టి బయల్దేరమంటారు. ఎన్ని టన్నులని అడిగే హక్కు అతనికి ఉంది, కాదనే శక్తి మాత్రం చాలామందికి లేదు. జీతం కంటే ట్రిప్పు బత్తా మీద బతికే డ్రైవరు లోడు వద్దంటే ఆ రోజు కూలీ పోతుంది, మర్నాడు తాళాలు ఇంకొకరి చేతిలో ఉంటాయి.

అందుకే ఓవర్‌లోడ్ గురించి చట్టం చెప్పే ఒక మాట నాకు చాలా ముఖ్యమైనదిగా కనిపిస్తుంది. మోటారు వాహనాల చట్టం 113వ సెక్షన్ నాలుగో ఉపసెక్షన్ ప్రకారం, పరిమితి దాటిన బండిని నడిపినవాడు ఓనర్ కాకపోతే, అది ఓనరుకు తెలిసో, ఓనరు చెప్పబట్టో జరిగిందని కోర్టు భావించవచ్చు. 194వ సెక్షన్ జరిమానా కూడా నడిపినవాడికే పరిమితం కాదు. నడిపించినవాడికీ, నడపనిచ్చినవాడికీ వర్తిస్తుంది. 2019 సవరణ తర్వాత అది 20,000 రూపాయలు, పైన ప్రతి అదనపు టన్నుకు 2,000. ఇవన్నీ పుస్తకంలో ఉన్నాయి. ప్రమాదం జరిగాక మాత్రం కేసులో మొదట ఎక్కేది, చాలాసార్లు చివరిదాకా మిగిలేది డ్రైవరు పేరే. నిర్లక్ష్యంతో మరణానికి కారణమైతే పాత శిక్షాస్మృతిలో రెండేళ్ళ దాకా ఉన్న జైలు శిక్షను కొత్త న్యాయసంహితలో ఐదేళ్ళకు పెంచారు. ఢీకొట్టి పారిపోయినవాళ్ళకు పదేళ్ళన్న నిబంధన మీద 2024 జనవరిలో లారీ డ్రైవర్లు స్టీరింగులు వదిలేస్తే హైదరాబాద్ పెట్రోలు బంకుల ముందు క్యూలు కట్టింది అందరికీ గుర్తుంది. డ్రైవరు శిక్ష పెంచడం గురించి అంత చర్చ జరిగింది. బ్రేకు లైనర్లు మార్చడానికి డబ్బులివ్వని ఓనర్ గురించి అందులో పదోవంతైనా జరగలేదు.

అయినా డ్రైవరు తప్పించుకోలేడు

ఇంతవరకు చదివి, డ్రైవరును వెనకేసుకొస్తున్నారని ఎవరైనా అంటే కాదంటాను. లోడు, రిపేరు, రోడ్డు వేరేవాళ్ళ చేతుల్లో ఉండొచ్చు. వేగం, గేరు మాత్రం పూర్తిగా అతని చేతిలోనే ఉన్నాయి. లోడు ఎక్కువుందని తెలిసినవాడు డౌన్ మొదలవకముందే మూడో గేరుకో రెండో గేరుకో దించాలి, ఎగ్జాస్ట్ బ్రేకు వేసుకోవాలి, వేగం పెరిగినప్పుడల్లా గట్టిగా ఒకసారి తొక్కి తగ్గించి కాలు తీసేయాలి. ఎయిర్ ముల్లు చూసుకోవాలి. గేటుకు అర కిలోమీటరు ముందు, చదునుగా ఉన్న చోట ఒకసారి బ్రేకు పరీక్షించుకుంటే పట్టు ఎంత ఉందో అక్కడే తెలుస్తుంది. పట్టు లేదనిపిస్తే ఆపి డ్రమ్ములు చల్లారేదాకా కూర్చోవాలి. ఇందులో ఓనర్ అనుమతి అవసరమైనది ఒక్కటీ లేదు, కాకపోతే అరగంట ఆలస్యం.

గేటు దగ్గరి అలవాట్లూ అంతే. తెరిచిన గేటంటే రైలు రావడం లేదని హామీ ఇచ్చినట్టేనని అందరం అనుకుంటాం. ఇంటర్‌లాక్ గేటుకైతే అది చాలావరకు నిజం, గేటు మూసి తాళం పడితేనే రైలుకు సిగ్నల్ వస్తుంది. ఇంటర్‌లాక్ లేని గేట్ల దగ్గర స్టేషన్ మాస్టరు ఫోన్ చేయడం, గేటుమ్యాన్ గేటు వేసి అందుకు రుజువుగా ప్రైవేట్ నంబర్ అనే రహస్య సంఖ్య చెప్పడం అనే మనుషుల మాటల మీద అంతా నడుస్తుంది. 2025 జూలై 8న కడలూరు జిల్లా సెమ్మంకుప్పంలో స్కూలు వ్యాన్‌ను రైలు గుద్దింది అలాంటి గేటు దగ్గరే, ముగ్గురు విద్యార్థులు చనిపోయారు. గేటుమ్యాన్ ఉన్నాడు కదా అనే ధీమా ఒక్కటే సరిపోదని దాంతో తెలిసింది.

కాపలా లేని గేటు దగ్గర డ్రైవరు ఏం చేయాలో మోటారు వాహనాల చట్టం 131వ సెక్షన్ చాలా వివరంగా చెబుతుంది. బండి ఆపాలి. క్లీనరో ఇంకొకరో నడుచుకుంటూ పట్టాల దాకా వెళ్ళి రెండు వైపులా చూసి బండిని దాటించాలి. ఎవరూ లేకపోతే డ్రైవరే దిగి చూడాలి. 2014 జూలై 24న మెదక్ జిల్లా మాసాయిపేటలో స్కూలు బస్సును నాందేడ్–సికింద్రాబాద్ ప్యాసింజర్ గుద్ది పదిమందికి పైగా పిల్లలు పోయినప్పుడు ఈ సెక్షన్ గురించి కొన్నాళ్ళు మాట్లాడుకున్నారు. 2019 జనవరి నాటికి బ్రాడ్‌గేజ్ లైన్ల మీద కాపలా లేని గేట్లు లేకుండా పోయాయి. మంచిదే. కానీ వాటితోపాటు ఆగి, అద్దం దించి, పాటలు ఆపి చెవి పెట్టి వినే అలవాటు కూడా పోయింది. బరువు బండ్లకు ఆ అలవాటు ఇప్పటికీ అవసరమని నా వాదన. గేటు తెరిచి ఉన్నా నడక వేగానికి తగ్గి రెండు వైపులా చూడటానికి పట్టేది మూడు నాలుగు సెకన్లు. వెనక హారన్లు మోగుతాయి, మోగనివ్వాలి.

దానికి కారణం ఈ లెక్కలోనే ఉంది. 18 మీటర్ల ట్రైలర్ డబుల్ లైన్ దాటాలంటే, మొదటి పట్టాకు ఐదు మీటర్ల ఇవతల నుంచి, తోక చివరి పట్టాకు ఐదు మీటర్లు అవతల చేరేదాకా మొత్తం 35 మీటర్లు కదలాలి. గంటకు ఐదు కిలోమీటర్ల వేగంతో అది 25 సెకన్ల పని. ఆ 25 సెకన్లలో 110 కిలోమీటర్ల వేగంతో వచ్చే రైలు ముప్పావు కిలోమీటరు వచ్చేస్తుంది. లోకో పైలట్‌ను కూత వేయమని చెప్పే విజిల్ బోర్డు గేటుకు 600 మీటర్ల దూరంలో ఉంటుంది, అంటే కూత వినిపించేసరికి ట్రైలర్ పట్టాల మీదే ఉంటుంది. లోకో పైలట్ చూసి బ్రేకు వేసినా అంత దూరంలో ఆగదు, స్టాప్ సిగ్నల్‌కు కనీసం కిలోమీటరు ముందు, ముందుగా హెచ్చరించే డిస్టెంట్ సిగ్నల్ పెట్టేది ఆ లెక్కతోనే.

కాబట్టి అవతల తోక పట్టేంత ఖాళీ కనిపించకపోతే ముందు చక్రం పట్టా మీద పెట్టకూడదు. మన గేట్ల దగ్గర ఇది పాటించడం ఎంత కష్టమో తెలుసు. గేటు పడగానే ఎడమవైపు లైనులో లారీ ఆగుతుంది. దాని పక్కన ఆటో, ఆటో పక్కన కారు, ఎదురు లైను మీద రాడ్డుకు ఆనుకుని బైకులు. అవతలివైపు కూడా ఇలాగే. గేటు లేచిన కాసేపటికే రెండు గుంపులు పట్టాల మధ్యలో ముఖాముఖి నిలబడి ఉంటాయి. లారీ ముందు చక్రాలు ఒక పట్టా దాటి ఉంటాయి, వెనక చక్రాలు ఇవతలే. గేటుమ్యాన్ ఈల ఊదుతాడు, మళ్ళీ గేటు వేయలేడు, అవతల రైలు సిగ్నల్ దగ్గర ఆగిపోతుంది. ఇంటర్‌లాక్ ఉంది కాబట్టి రైలు ఆగింది. లేని గేటులో ఏమవుతుందో ఊహించుకోవచ్చు. ఒక రైలు వెళ్ళిపోయినా గేటు తీయలేదంటే రెండో లైనులో ఇంకోటి వస్తోందని అర్థం. ఆ సమయంలో గేటుమ్యాన్ మీదకు వెళ్ళి తీయమని గొడవపడేవాళ్ళు ఎవరి చావు కోరుతున్నారో ఆలోచించుకోవాలి. మూసిన గేటు తెరిస్తే మూడేళ్ళు, విరగ్గొడితే ఐదేళ్ళ దాకా జైలు అని రైల్వే చట్టం 160వ సెక్షన్ చెబుతుంది.

పట్టాల మీద ఇంజను ఆగిపోతే చాలామంది చేసే తప్పు, మళ్ళీ మళ్ళీ స్టార్ట్ చేస్తూ నిమిషాలు పోగొట్టుకోవడం. క్లీనరును వెంటనే గేటుమ్యాన్ దగ్గరికి పరుగెత్తించాలి. గేటుమ్యాన్ స్టేషన్ మాస్టరుకు ఫోన్ చేసి సిగ్నల్ ఎర్ర చేయించాలి, తర్వాత ఎర్రజెండాతో వెళ్ళి 600 మీటర్ల దగ్గర పట్టా మీద ఒక డిటోనేటర్ (రైలు చక్రం ఎక్కితే పేలి హెచ్చరించేది), 1,200 మీటర్ల దగ్గర పది మీటర్ల ఎడంతో మూడు పెట్టాలి. కంకర మీద అంత దూరం పోవడానికి పది నిమిషాల పైనే పడుతుంది, అందుకే మొదటి నిమిషం అంత విలువైనది. రైలు కనిపిస్తుంటే బండి సంగతి వదిలి దిగిపోవాలి. పట్టాలకు దూరంగా, రైలు వస్తున్న వైపుకే ఏటవాలుగా పరుగెత్తాలి, ఎందుకంటే ముక్కలు రైలు పోయే దిశలో ఎగిరిపడతాయి. కరెంటు లైన్ల గేట్ల దగ్గర 4.67 మీటర్ల హైట్ గేజ్ (అంతకంటే ఎత్తైన లోడును ఆపే అడ్డకమ్మి) పెట్టేది పైన 25,000 వోల్టుల తీగ ఉంది కాబట్టే. లోడు మీదకెక్కి తాడు సర్దడం అక్కడ పనికిరాదు.

విచారణ ఏం అడగాలి

అమెరికాలో మిస్సోరి రాష్ట్రం మెండన్ దగ్గర 2022 జూన్ 27న ఆమ్‌ట్రాక్ వారి సౌత్‌వెస్ట్ చీఫ్ రైలు ఒక టిప్పర్‌ను గుద్ది నలుగురు చనిపోయారు. అక్కడి రవాణా భద్రతా బోర్డు స్టాప్ బోర్డు ఉన్నా డ్రైవరు ఆగకుండా వెళ్ళాడని రాసింది. అక్కడితో ఆపలేదు. పట్టాల దాకా రోడ్డు బాగా ఏటవాలుగా ఎక్కుతోందని, ఐమూలగా కలుస్తోందని, అందువల్ల రైలు కనిపించడం కష్టమని, బరువు లారీలు అక్కడ ఆగి మళ్ళీ కదలడమే కష్టమని కూడా రాసింది. ఆ గేటు మూసేశారు. డ్రైవరు తప్పు ఉన్నది ఉన్నట్టు చెప్పి, తర్వాతి డ్రైవరుకు అదే పరిస్థితి ఎదురుకాకుండా చూశారు. నేను కోరేది అదే.

మన దగ్గర రైల్వే వైపు సేఫ్టీ కమిషనర్ విచారణ జరుగుతుంది. లారీ వైపు పోలీసు కేసు, దానికి జతగా మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టర్ రిపోర్టు. ఆ రిపోర్టు బ్రేకులు పనిచేశాయా లేదా అనే ఒక్క ముక్కతో సరిపెట్టకూడదు. ప్రతి చక్రం దగ్గర రాడ్డు ఎంత దూరం కదులుతోంది, లైనరు మందం ఎంత, వేడికి డ్రమ్ము నీలి రంగు తిరిగిందా, స్ప్రింగ్ చాంబర్‌లో బోల్టు ఉందా, గేరు లివర్ ఎక్కడ ఉంది, కాటా చీటీ ఉందా, చివరిసారి బ్రేకుల పని ఎప్పుడు చేయించారు. ఇవన్నీ లారీ నుజ్జయినా చాలావరకు తేలతాయి. ఓనరు పేరు కేసులోకి రావాలంటే ఈ వివరాలే ఆధారం.

రోడ్డు వైపు కూడా అడగాలి. గేట్లు తీసేసి కట్టిన చిన్న సబ్‌వేలలో కారు పోతుంది, ఎత్తైన లోడు లారీ పోదు. దాంతో ఆ చుట్టుపక్కల లారీలన్నీ మిగిలిన ఒకటి రెండు గేట్ల మీదకు మళ్ళుతాయి. క్వారీలున్న ప్రాంతంలో మిగిలిన ఆ గేటుకు డౌన్‌లో రోడ్డు ఉంటే, వేగం తగ్గించే గీతలు గేటుకు ఇరవై మీటర్ల ముందు వేసి ఉపయోగం లేదు. గేరు దించమనే బోర్డు డౌన్ మొదట్లో ఉండాలి, కాటా క్వారీ గేటు దగ్గరే ఉండాలి.

ఈ వాదనలో నాకే పూర్తిగా తెగని ముడి ఒకటుంది. మన లారీల్లో చాలా వాటికి ఓనరూ డ్రైవరూ ఒకరే. ఫైనాన్స్ మీద ఒక్క బండి కొనుక్కుని, ఈఎంఐ కోసం తనే స్టీరింగ్ పట్టేవాడు. ఓనరు మీద కేసు పెట్టాలంటే అక్కడ మళ్ళీ అదే మనిషి మీద పడుతుంది. అతనికి ఆ లోడు ఎక్కించి, తక్కువ ఎక్కిస్తే కిరాయి గిట్టకుండా చేసిన క్వారీవాడు, మధ్యలో ఉన్న ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు బయటే ఉండిపోతారు. 194వ సెక్షన్‌లో నడిపించినవాడూ నడపనిచ్చినవాడూ అని ఉన్న చోట వీళ్ళిద్దరినీ చేర్చడానికి కొత్త చట్టం అవసరం లేదనే నేను అనుకుంటున్నాను. లోడింగ్ చీటీ మీద సంతకం ఎవరిదో వాళ్ళను పిలిచి అడిగితే చాలు.